వెట్టి: ఒడంబడిక మినహాయింపు నుండి చట్టపు వివరణ దాకా – జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చారిత్రక పరిశీలన

1926 సెప్టెంబరు 25న జెనీవాలో నానాజాతి సమితి ఆధ్వర్యంలో బానిసత్వ నిర్మూలన ఒడంబడిక కుదిరింది. భారతదేశం తరఫున జరిగిన సంతకానికి ఒక ప్రకటన జతపడింది. ఒడంబడికలోని 2వ అధికరణం (బి) భాగమూ, 5, 6, 7 అధికరణాలూ కొన్ని ప్రాంతాల్లో అమలు చేసే బాధ్యతకు ఈ సంతకం కట్టుబడదని ఆ ప్రకటన సారాంశం. బర్మా, అస్సాం సరిహద్దుల్లోని కొన్ని కొండప్రాంతాలను అది పేరుపేరునా, ఎల్లలతో సహా పేర్కొన్నది. చివరి వాక్యభాగంలో మాత్రం బ్రిటిష్ చక్రవర్తి అధిరాజ్యం కింద ఉన్న రాజుల, సంస్థానాధీశుల భూభాగాలన్నిటినీ ఒక్క మాటతో మినహాయించింది. నిజాం రాజ్యం, అందులోని జనగామ తాలూకా, మానుకోట, గోదావరి ఒడ్డు అడవిపల్లెలు పేరు లేకుండానే ఆ మాటలో కలిసిపోయాయి.

మినహాయించిన అధికరణాలేవో గమనిస్తే ప్రకటన స్వభావం తెలుస్తుంది. బానిసత్వాన్ని దాని అన్ని రూపాలలో క్రమంగా పూర్తిగా రద్దు చేయాలన్నది 2(బి). బలవంతపు చాకిరి బానిసత్వంతో సమానమైన స్థితికి దారితీయకుండా చర్యలు తీసుకోవాలన్నది 5. ఉల్లంఘనలకు కఠిన శిక్షలు ఏర్పరచాలన్నది 6. అందుకు చేసిన చట్టాలను ఇతర రాజ్యాలకు, సమితి ప్రధాన కార్యదర్శికి తెలియజేయాలన్నది 7. రద్దు, నివారణ, శిక్ష, నివేదన – అమలుకు సంబంధించిన నాలుగు అంగాలూ సంస్థానాల ఎల్లల బయటే ఆగిపోయాయి. అదే సంవత్సరం మార్చి 27న వైస్రాయి లార్డ్ రీడింగ్ నిజాముకు రాసిన లేఖలో భారతదేశంలో బ్రిటిష్ చక్రవర్తి సార్వభౌమత్వమే సర్వోన్నతమని ప్రకటించాడు. బేరారు విషయంలో నిజాము సమానహోదా కోరినపుడు సర్వోన్నతమైన అధికారం, ఆరు నెలలకే చాకిరి విషయం వచ్చేసరికి తన బాధ్యత కాదని పక్కకు తప్పుకుంది. ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవడం తెలంగాణ చరిత్ర రచనలో అరుదు.

తెలంగాణలో వెట్టి గురించిన పరిశోధన ఎక్కువగా సాయుధ పోరాటాన్ని కేంద్రంగా చేసుకొని సాగింది. అది సహజమే. అయితే వెట్టికి అంతర్జాతీయ న్యాయంలో కూడా ఒక చరిత్ర ఉన్నది. మానవహక్కుల ఒడంబడిక ఒక గ్రామానికి చేరడానికి సంతకం, ధృవీకరణ చాలవు. ఆ గ్రామం వాడే మాట చట్టంలోకి రావాలి. ఆ మాటను నిరూపించే భారం ఎవరిమీద పడుతుందో తేలాలి. ఈ రెండు విషయాలలోనూ వెట్టి అనే తెలుగు పదం నడిచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పదం, వ్యవస్థ

సంస్కృత ‘విష్టి’కి వికృతిగా ‘వెట్టి’ని తెలుగు నిఘంటువులు చూపుతాయి. విష్టి అర్థశాస్త్రంలో రాజ్యానికి రావలసిన ఆదాయ రూపాలలో ఒకటి. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు పన్నులతో, విష్టితో ప్రజలను పీడించకుండానే సుదర్శన తటాకాన్ని బాగుచేయించానని చెప్పుకున్నాడు. విష్టి తీసుకోకపోవడం గొప్పగా చెప్పుకోదగిన విషయమైందంటే, తీసుకోవడం ఎంత మామూలో ఊహించవచ్చు. ఉర్దూ పాలనలో దీనికి సమానమైన మాట ‘బేగార్’. తెలంగాణ పల్లెల్లో ఈ రెండూ కలిసి బతికాయి. పని వెట్టి అయింది, ఆ పని చేసే మనిషి బేగారి అయ్యాడు.

వ్యవస్థ ఆచరణ రూపాన్ని పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్ర గ్రంథంలో విపులంగా నమోదు చేశాడు. చాకలి బట్టలుతికి, గడిలో అంట్లు తోమాలి. కుమ్మరి కుండలివ్వాలి. గౌండ్లవారు కల్లు పోయాలి. మాదిగలు చెప్పులు, మోట తోళ్లు కుట్టివ్వాలి. ఊరికి అధికారి వస్తే సామాను మోసే పని, కబురు పట్టుకొని పక్క ఊరికి పరుగెత్తే పని బేగారులది. దొర ఇంటి ఆడపిల్లతో పాటు అత్తవారింటికి పంపే దాసి ఆడబాప. ఆనాడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు చేతిలో 40,000 ఎకరాలు ఉండేవని సుందరయ్య లెక్క. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. కులవృత్తిని అనుసరించి ఊరంతా చేసేది వెట్టి. అప్పు తీసుకొని ఒక ఇంటికి కట్టుబడి చేసేది భాగేలా లేదా జీతం. మొదటిదానికి కాగితం ఉండదు, రెండవదానికి ఉన్నా అది దొర దగ్గరే ఉంటుంది. తరువాతి చట్టచరిత్రలో ఈ కాగితం ప్రశ్న కీలకమవుతుంది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ ప్రతిఘటనను వెట్టి మీద తిరుగుబాటుగా మాత్రమే చెప్పడం పరిపాటి. నిజానికి అక్కడి తగాదా కౌలు పొలంలోని పంట గురించి. వెట్టి చేయవలసిన కులానికి చెందిన స్త్రీ కౌలుదారుగా నిలిచి పంట తనదనడమే దేశముఖుకు మింగుడుపడని విషయం. శ్రమ మీద హక్కుకూ భూమి మీద హక్కుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో జెనీవాలో స్పష్టంగా కనిపించి ఉండవచ్చు, పాలకుర్తిలో అది లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికి ఆ రెండు డిమాండ్లు ఒకటైపోయాయి.

ఉత్తర్వులు, అనువాదాలు

నిజాం ప్రభుత్వం వెట్టిని అసలు పట్టించుకోలేదనడం సరికాదు. బేగారును నిషేధిస్తూనో, చేయించుకున్న పనికి కూలి చెల్లించాలంటూనో గస్తీలు వెలువడ్డాయి. 1930వ దశకంలో భాగేలా ఒప్పందాలను నియంత్రించే నిబంధన కూడా వచ్చింది. లోపం మరోచోట ఉంది. ఆ ఉత్తర్వులు ఉర్దూలో ఉండేవి. వాటిని ఊరికి చదివి వినిపించవలసినవాడు పటేలో, పట్వారీయో. వెట్టి వల్ల లాభపడేవాడే వెట్టి నిషేధాన్ని చాటాలన్నమాట.

ఈ స్థితిలో మాడపాటి హనుమంతరావు నాయకత్వంలోని ఆంధ్రజనసంఘం చేసిన పని చిన్నదిగా కనిపించినా ఫలితంలో పెద్దది. వర్తక స్వాతంత్ర్యం, మొహతర్ఫా పన్నుల మీద వెలువరించినట్లే వెట్టిచాకిరి మీద కూడా సంఘం తెలుగులో చిన్న పుస్తకాన్ని ప్రచురించింది. సర్కారు ఉత్తర్వులో ఉన్న హక్కును తెలుగు చదవగలిగిన ప్రతి ఒక్కరికీ తెలియజేయడం దాని ఉద్దేశం. సాహిత్య చరిత్రకారులు ఈ కరపత్ర వాఙ్మయాన్ని జాతీయోద్యమ గద్యంలో ఒక పాదసూచికగా వదిలేశారు. కాని న్యాయభాషను జనభాషలోకి దించిన తొలి తెలంగాణ గద్యం అదే. ఆ పుస్తకాలు దొరను మార్చలేదు. దొర చేస్తున్నది సర్కారు చట్టానికి కూడా విరుద్ధమన్న ఎరుకను మాత్రం ఇచ్చాయి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభలకు, 1944లో భువనగిరి తరువాత గ్రామాల్లోకి వెళ్ళిన సంఘానికి ఆ ఎరుకే మూలధనం.

జోగిపేట సభ జరిగిన ఏడాదే, 1930 జూన్ 28న, అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరిపై 29వ ఒడంబడికను ఆమోదించింది. ఏదో ఒక శిక్ష పడుతుందన్న భయంతో, స్వచ్ఛందంగా ముందుకు రాని మనిషి చేత చేయించే ఏ పనైనా బలవంతపు చాకిరి అని అది నిర్వచించింది. గడి ముందు కొరడా ఉన్న ఏ ఊరికైనా సరిపోయే నిర్వచనం. బ్రిటిష్ ఇండియా దాన్ని ధృవీకరించలేదు. ధృవీకరించి ఉన్నా సంస్థానాల గడప దాటేదని నమ్మడానికి 1926 ప్రకటన చూశాక ఆధారం లేదు.

1948

1948 ఆగస్టులో హైదరాబాదు ప్రభుత్వం భారత ప్రభుత్వంపై ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లోని షాయో భవనంలో మండలి దాన్ని చర్చకు తీసుకుంది. మరునాటికి పోలీసు చర్య ముగిసింది. తన ప్రజలకు వెట్టి నుండి విముక్తినివ్వలేని రాజ్యం తనకోసం అంతర్జాతీయ న్యాయాన్ని ఆశ్రయించింది. వ్యక్తికి అక్కడికి వెళ్లే దారి లేదు, రాజ్యానికి ఉంది. మూడు నెలలు గడవకముందే, డిసెంబరు 10న, అదే భవనంలో విశ్వ మానవహక్కుల ప్రకటన వెలువడింది. దాని 4వ అధికరణం ఎవరినీ బానిసత్వంలో గాని దాస్యంలో గాని ఉంచరాదన్నది.

దానికి వారం ముందు, డిసెంబరు 3న, ఢిల్లీలో రాజ్యాంగ పరిషత్తు ముసాయిదా 17వ అధికరణాన్ని చర్చించి ఆమోదించింది. నేటి 23వ అధికరణం అదే. ఇంగ్లీషు పాఠంలో ‘బేగార్’ అన్న దేశీపదాన్ని అలాగే ఉంచారు. అంతర్జాతీయ పత్రాల్లోని ‘బలవంతపు చాకిరి’ దాని వెనుక వివరణగా వచ్చింది. విశ్వప్రకటన సాధారణ పదాలతో మాట్లాడితే, భారత రాజ్యాంగం పల్లె నోట నలిగిన మాటతో మొదలుపెట్టింది. ఆ చర్చలో హైదరాబాదు ప్రతినిధులు లేరు. వెట్టిపై పోరాటం అత్యంత తీవ్రంగా నడుస్తున్న ప్రాంతం తరఫున వెట్టి నిషేధ అధికరణంపై మాట్లాడినవారు లేరు. 1949 నవంబరు 23న నిజాము ఫర్మానాతో ఆ రాజ్యాంగం హైదరాబాదుకు వర్తించింది.

ధృవీకరణ, శిక్ష

భారతదేశం 29వ ఒడంబడికను 1954 నవంబరు 30న ధృవీకరించింది. దాని 25వ అధికరణం ప్రకారం బలవంతపు చాకిరి శిక్షార్హమైన నేరం కావాలి, శిక్షలు నిజంగా సరిపడినవిగా ఉండాలి, కచ్చితంగా అమలు కావాలి. భారతీయ వ్యవస్థలో ఒడంబడిక దానంతట అది న్యాయస్థానంలో చట్టం కాదు. 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. 23వ అధికరణ ఉల్లంఘనకు శిక్ష నిర్ణయించే అధికారాన్ని కూడా 35వ అధికరణం పార్లమెంటుకే ఇచ్చింది. పార్లమెంటు 1975 దాకా ఆ పని చేయలేదు. మధ్యకాలంలో మిగిలింది భారత శిక్షాస్మృతి 374వ సెక్షను. 1951లో హైదరాబాదుకు విస్తరించిన ఆ స్మృతి ప్రకారం బలవంతపు పనికి గరిష్ఠ శిక్ష ఏడాది.

వెట్టిచాకిరి రద్దు ఆర్డినెన్సు 1975 అక్టోబరులో వచ్చింది. పౌరహక్కులు స్తంభించిన అత్యవసర పరిస్థితి కాలం అది. ఒక మానవహక్కు అమలుకు వచ్చిన సమయానికి మిగిలిన హక్కులకు న్యాయస్థానం తలుపులు మూసి ఉన్నాయి. అత్యవసర పరిస్థితి ఉద్దేశాలను శంకించడం న్యాయమే. అంతమాత్రాన చట్టం విలువను తోసిపుచ్చలేం. 1976లో 19వ చట్టంగా రూపొందిన ఈ శాసనం 29వ ఒడంబడిక అడిగినదాన్ని, దాదాపు ఇరవై ఒక్క ఏళ్ళు ఆలస్యంగానైనా, చేసింది. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఆ జరిమానా నేటికీ అంతే. ‘నిజంగా సరిపడిన’ అన్న 25వ అధికరణపు మాటకు దీన్ని ఎలా అన్వయించుకోవాలో అంతుపట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టానికి ఊపిరి పోసినవారిలో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ముఖ్యుడు. చట్టం చెప్పిన విముక్తిని జీతగాళ్ళ దగ్గరికే వెళ్ళి చెప్పాలన్నది ఆయన పద్ధతి. యాభై ఏళ్ళ కిందట ఆంధ్రజనసంఘం కరపత్రం చేసిన పనే ఇప్పుడు ఒక ప్రభుత్వాధికారి చేశాడు. అందుకు ఆయన పాలకుల ఆగ్రహానికి గురై రాష్ట్రం వదిలి త్రిపురకు వెళ్ళవలసి వచ్చింది. అదే దశాబ్దం చివర వరంగల్లు, కరీంనగరు జిల్లాల్లో రైతుకూలీ సంఘాలు జీతాల రేట్ల కోసం సమ్మెలు నడిపాయి. జీతగాళ్ళ స్థితి మారడంలో ఆ సమ్మెల పాత్రను తగ్గించి చూపే చట్టచరిత్ర అసంపూర్ణం.

సుప్రీంకోర్టు 1982 సెప్టెంబరు 18న ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో ఇచ్చిన తీర్పు నిర్వచనాన్ని మరింత విస్తరించింది. జస్టిస్ పి.ఎన్. భగవతి అంతర్జాతీయ పత్రాలను ప్రస్తావిస్తూ, బలవంతం అంటే కొరడా ఒక్కటే కాదని, ఆకలి, పేదరికం వల్ల కనీసవేతనం కన్నా తక్కువకు పనిచేయవలసి రావడం కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరేనని నిర్ణయించాడు. ఈ హక్కు ప్రభుత్వం మీదనే కాక ప్రైవేటు వ్యక్తి మీద కూడా చెల్లుతుందన్నాడు.

సాక్ష్యం ఎవరిది?

1976 చట్టం 2వ సెక్షనులో ‘ఒప్పందం’ అన్న పదానికి ఒక వివరణ ఉంది. కొన్ని రకాల చాకిరి విషయంలో సామాజిక ఆచారం ప్రకారం ఒప్పందం ఉన్నట్లే సాధారణంగా భావించాలని అది చెబుతుంది. ఆ వెంట దేశంలోని వివిధ ప్రాంతాల పేర్లు దాదాపు ముప్ఫై వరుసగా ఉన్నాయి. వాటిలో భాగేలా, జీతా, పాలేరు ఉన్నాయి. జాబితాలో చిట్టచివరి మాట వెట్టి. తెలుగునేల మీది నాలుగు మాటలు కేంద్రశాసనంలో ఇలా చేరాయి.

భాషాధ్యయనం చేసేవారికి ఇది ఆసక్తికరమైన సందర్భం. సాధారణంగా చట్టం మాటకు అర్థం చెబుతుంది. ఇక్కడ మాటే సాక్ష్యం. ఫలానా పనిని ఊళ్లో వెట్టి అంటారని తేలితే, కాగితం లేకపోయినా ఒప్పందం ఉన్నట్లే లెక్క. అప్పు వెట్టి అప్పు కాదని నిరూపించే భారాన్ని 15వ సెక్షను అప్పిచ్చినవాడి మీద పెట్టింది. కాగితం ఎవరి దగ్గర ఉందో తెలిసినవారు రాసిన సెక్షను ఇది.

ఈ కోణం నుండి తెలంగాణ నవలను మరోసారి చదవవలసి ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ని, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ను విమర్శకులు పోరాట పూర్వరంగ చిత్రణగా విలువకట్టారు. రంగాచార్య పుట్టిన చినగూడూరు నేటి మహబూబాబాద్ జిల్లాలోనిది. ఈ నవలలు ఏ పనిని ఏ పేరుతో పిలిచారో, ఎవరు ఎవరికి ఏ హక్కుతో చేశారో నమోదు చేశాయి. సామాజిక ఆచారం ఉందనడానికి ఇంతకన్నా దగ్గరి లిఖిత ఆధారం చాలా ఊళ్లకు లేదు. నవలను నేరుగా న్యాయసాక్ష్యంగా తీసుకోలేం. కాని 1976 వివరణ ‘ఆచారం’ అన్నదానికి ప్రాణం పోసే భాషాసామగ్రి అక్కడే ఉంది. ఆడబాప మాత్రం ఆ నవలల్లో, జనస్మృతిలో ఉన్నా చట్టపు జాబితాలో లేదు. పొలంపని మీదే దృష్టి నిలిపినవారికి ఇంటిలోపలి దాస్యం కనిపించలేదు.

అడవిపల్లెలు

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం మండలాల కోయలకు, భూపాలపల్లి అడవుల కోయలకు, నాయకపోడులకు వెట్టి రూపం వేరు. అక్కడ పని చేయించుకున్నది గడి కాదు. అడవి సిబ్బంది, గుత్తేదారులు, షావుకారులు. గోదావరి అడవుల్లో కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో చిక్కిన కొండరెడ్ల శ్రమను హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు.

ఈ ప్రజలకు సంబంధించిన ఒడంబడిక మరొకటి ఉంది. ఆదివాసుల గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడికను (1957) భారతదేశం 1958 సెప్టెంబరు 29న ధృవీకరించింది. పౌరులందరికీ చట్టం విధించినవి తప్ప, ఆదివాసుల నుండి ఏ రూపంలోనైనా తప్పనిసరి వ్యక్తిగత సేవ తీసుకోవడాన్ని, కూలి ఇచ్చినా ఇవ్వకున్నా, నిషేధించి శిక్షార్హం చేయాలని దాని 9వ అధికరణం. వారు సంప్రదాయంగా అనుభవిస్తున్న భూమిపై యాజమాన్యాన్ని గుర్తించాలని 11వ అధికరణం. పోడు భూముల తగాదాలు ఎరిగిన ఈ జిల్లాలకు రెండవది మరింత పరిచయమైన ప్రశ్న. అటవీహక్కుల చట్టం 2006లో గాని రాలేదు. 1954కూ 1975కూ మధ్య ఉన్న వ్యవధి కన్నా ఇది పెద్దది. 1989 నాటి 169వ ఒడంబడికను భారతదేశం ధృవీకరించలేదు కనుక పాత 107 మీదనే బాధ్యత నిలిచి ఉంది.

ఒడంబడిక ఎవరికి వర్తిస్తుందన్నది కూడా దేశంలోని జాబితాయే నిర్ణయించింది. తెలంగాణ లంబాడాలు 1976 నాటి సవరణ చట్టంతో గాని షెడ్యూల్డు తెగల్లో చేరలేదు. జనగామ తాలూకా ధర్మాపురం తండా లంబాడాలు దేశముఖుల మీద భూమి కోసం పోరాడి జాటోతు ఠాను వంటివారిని కోల్పోయింది 1940లలో. వారి గురించి మాట్లాడదగిన ఒడంబడిక 1958లో ధృవీకరణ పొందినా, మరో పద్దెనిమిదేళ్ళు ప్రభుత్వం దృష్టిలో వారు ఆ ఒడంబడిక చెప్పే ప్రజలు కారు.

ఫిర్యాదు దారి

ధృవీకరించిన దేశం అంతర్జాతీయ కార్మిక సంస్థకు నిర్ణీత కాలానికి నివేదిక పంపాలి. నిపుణుల సంఘం దాన్ని పరిశీలించి ప్రశ్నలు వేస్తుంది. సంస్థ రాజ్యాంగం 24వ అధికరణం కింద యజమానుల, కార్మికుల సంఘాలు ఫిర్యాదు చేయవచ్చు, ఒంటరి మనిషి చేయలేడు. పౌర రాజకీయ హక్కుల ఒడంబడిక 8వ అధికరణం కూడా బలవంతపు చాకిరిని నిషేధిస్తుంది. భారతదేశం 1979 ఏప్రిల్ 10న అందులో చేరింది గాని, వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాలులో చేరలేదు. 29వ ఒడంబడికకు 2014లో చేర్చిన ప్రోటోకాలునూ ధృవీకరించలేదు. కనుక ఇటుక బట్టీలో చిక్కుకున్న కూలీకి మిగిలిన దారి జెనీవాకు కాదు, కలెక్టరు కచేరీకి.

1976 చట్టం జిల్లాకొకటి, రెవెన్యూ డివిజనుకొకటి చొప్పున విజిలెన్సు కమిటీలు ఉండాలన్నది. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినపుడు ఆ బాధ్యత కూడా పాత ఉమ్మడి జిల్లా నుండి విడివడి మూడు కచేరీలకు వచ్చింది. అదే ఏడాది కేంద్రం సవరించిన పునరావాస పథకం ఒక్కొక్కరికి లక్ష నుండి మూడు లక్షల రూపాయల దాకా సాయం ప్రకటించి, ఆ మొత్తాన్ని కేసు ఫలితంతో ముడిపెట్టింది. నిరూపణ భారాన్ని యజమాని మీదికి మార్చిన చట్టం కింద, తీర్పు కోసం ఎదురుచూసే భారం మాత్రం కూలీ మీదికి వచ్చింది.

నేటి బట్టీల్లో, నిర్మాణ స్థలాల్లో ఈ బంధానికి వాడే మాట వెట్టి కాదు, జీతమూ కాదు. అడ్వాన్సు. మేస్త్రీ చేతి పుస్తకంలో ఉండే ఆ మాట 2వ సెక్షను వివరణలో లేదు. 1985 సవరణ కాంట్రాక్టు కూలీలను, అంతర్రాష్ట్ర వలస కూలీలను చట్టం పరిధిలోకి తెచ్చింది గాని, పేర్ల జాబితాను ముట్టుకోలేదు. ఆ జాబితా ఇప్పటికీ వెట్టితోనే ముగుస్తుంది.